ఇవ్వను, ఇవ్వలేను: తొమ్మిది డిస్కుల బ్యాకప్‌లో ఎదురైన చిక్కులు – ఒక కేస్ స్టడీ

నేపథ్యం

పాత వీడియో టేపులను, డిస్కులను హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి ఇవ్వడం నా వృత్తి. ఈ పనిలో ఎదురయ్యే కేసుల్లో అధికభాగం రాసి పెట్టుకోదగ్గవి కావు. డిస్క్ రీడ్ అవుతుంది లేదా కాదు, అంతటితో ముగుస్తుంది. ఇక్కడ రాస్తున్న కేసులో మాత్రం వేర్వేరు కారణాలు ఒకే పొరపాటు సందేశం వెనుక దాక్కున్నాయి, వాటిలో ఒకదాన్ని నేనే తప్పుగా అంచనా వేశాను. కస్టమర్‌ను గుర్తుపట్టే వీలు లేకుండా ఊరిని, కుటుంబ వివరాలను మార్చాను. సాంకేతిక వివరాలను ఉన్నవి ఉన్నట్టుగా ఇస్తున్నాను.

ఆ కస్టమర్ ఒక కార్యాలయంలో ఉద్యోగిని. తండ్రి చాలాకాలం ఔత్సాహిక నాటక సమాజం నడిపారు. 2006 నుంచి 2010 వరకు ఆయన వేసిన ఆరు నాటకాలను, ఇంట్లో జరిగిన మూడు శుభకార్యాలను స్థానిక వీడియోగ్రాఫర్ ఒకరు చిత్రీకరించి, మిక్సింగ్ చేసి, డిస్కులుగా ఇచ్చారు. అసలు టేపులు ఇప్పుడు ఎక్కడా లేవు. అంటే ఈ తొమ్మిది డిస్కులే ఏకైక ప్రతులు. ఇంట్లో అందరూ వాటిని సీడీలనే అంటున్నారు కానీ అవి డీవీడీలు. ఈ తేడా తరువాత పనికొచ్చింది. ఆమెకు కావలసినవి రెండు: విదేశంలో ఉన్న తమ్ముడికి పంపడానికి హార్డ్ డిస్క్‌లో ప్రతులు, తండ్రి తన పాత ప్లేయర్‌లో వేసుకుని చూడడానికి కొత్త డిస్కులు.

తెచ్చిన సంచిలో ఈ తొమ్మిదితో పాటు బజారులో కొన్న సినిమా డిస్కులు రెండు ఉన్నాయి. వాటిని మొదటే పక్కన పెట్టాను. వాటిలోని సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి (నకలు తీయకుండా సంకేతాలతో తాళం వేసినట్టు) ఉంటుంది. కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఏ సెక్షన్, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో అలాంటి రక్షణను ఛేదించడాన్ని నేరంగా పేర్కొంటుంది. కస్టమర్ ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ డబ్బు తీసుకుని ఆ పని చేసే దుకాణదారుగా నేను ఆ గీత దాటను. ఆ రెండు డిస్కులకు ఈ కేసులో మరో పాత్ర ఉంది. ఆమె మొట్టమొదట కాపీ చేయబోయింది వాటినే. సాఫ్ట్‌వేర్ "కాపీ విఫలమైంది" అని చెప్పడంతో, డిస్కులన్నీ పాడైపోయాయని ఆమె మనసులో అప్పుడే నాటుకుపోయింది. నిజానికి రక్షణ ఉన్న డిస్క్‌ను అనుమతి లేకుండా అడిగితే డ్రైవ్ "ఇవ్వను" అంటుంది. గీతలు పడ్డ డిస్క్‌ను అడిగితే "ఇవ్వలేను" అంటుంది. డ్రైవ్ పంపే లోపం కోడ్‌లో ఈ రెండూ స్పష్టంగా వేరు. మామూలు కాపీ సాఫ్ట్‌వేర్ ఆ రెండింటినీ కలిపి ఒకే వాక్యంగా చూపిస్తుంది.

సమస్య నా దగ్గరికి వచ్చిన రూపం

ఆమె లాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. డీవీడీ రైటర్ యూఎస్‌బీకి తగిలించేది. రెండు వారాల్లో నాలుగు రకాల కాపీ సాఫ్ట్‌వేర్లు వేసి, అందులో రెండింటిని తీసేశారు. నా దగ్గరికి వచ్చేనాటికి కాపీ సంగతి అటుంచి, రైటరే లాప్‌టాప్‌లో కనబడడం లేదు. డివైస్ మేనేజర్‌లో దాని పేరు పక్కన పసుపు గుర్తు, కోడ్ 39 (డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లోడ్ కాలేదని అర్థం) ఉన్నాయి.

ఒక విషయంలో మాత్రం ఆమె నాకంటే పద్ధతిగా పనిచేశారు. పాత క్యాలెండర్ కాగితం వెనుక, ఏ డిస్క్ ఎక్కింది, ఏది ఎక్కలేదు, ఎన్ని శాతం దగ్గర ఆగింది అన్నది ప్రతిసారీ రాసుకున్నారు. నాలుగు డిస్కులు పూర్తిగా ఎక్కాయి, అయిదు ఎక్కలేదు. ఆ కాగితాన్ని నేను తీసుకుని ఫైల్లో పెట్టాను, చదవలేదు. ఆ తప్పుకు మూల్యం ఒక వారం.

మొదటి నిర్ణయం, మొదటి పొరపాటు

ఏకైక ప్రతులు చేతికొచ్చినప్పుడు ముందు ప్రతిని కాపాడాలి, కంప్యూటర్ సంగతి తరువాత. అందుకని లాప్‌టాప్‌ను పక్కన పెట్టి, ఎక్కని అయిదు డిస్కులను నా డెస్క్‌టాప్‌లో వేసి ఐఎస్‌ఓ ఇమేజ్ తీయడం మొదలుపెట్టాను. ఫోల్డర్‌గా కాకుండా ఇమేజ్‌గా తీయడానికి కారణం ఉంది. ఇమేజ్ అంటే డిస్క్ మీది సెక్టార్లు (సమాచారాన్ని విభజించి దాచే చిన్న గడులు) అదే వరుసలో వచ్చిన నకలు. ఫైళ్ల వరుస, వాటి మధ్య దూరం చెదరవు. డీవీడీ వీడియోలో మెనూలు, అధ్యాయాలు సెక్టార్ల లెక్క మీదే నడుస్తాయి కాబట్టి ఆ వరుస ముఖ్యం.

అయిదింటిలో నాలుగు ఒక్క తడబాటు లేకుండా పూర్తిగా వచ్చేశాయి. అది చూసి, డిస్కులు బాగున్నాయి, ఆమె రైటరే పోయింది అని తేల్చేశాను. కొత్త రైటర్ కొనమని చెప్పాను, ఆమె కొన్నారు. మరుసటి రోజు ఫోన్ చేసి, కొత్తదాని పక్కన కూడా అదే పసుపు గుర్తు వచ్చిందని చెప్పారు.

నా తర్కంలో లోపం ఎక్కడుందో అప్పుడు కూర్చుని చూసుకున్నాను. నా డెస్క్‌టాప్‌లో చేసిన పరీక్షలో మారింది రైటర్ ఒక్కటే కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ మారింది, సాఫ్ట్‌వేర్ మారింది, ఫైలు రాసే హార్డ్ డిస్క్ కూడా మారింది. నాలుగు అంశాలు ఒకేసారి మార్చి, ఫలితాన్ని ఒకదాని ఖాతాలో వేశాను. కొత్త రైటర్‌ను కొన్న ధరకే ఆమె దగ్గర నేను తీసుకున్నాను. ఇప్పటికీ దుకాణంలో అదే వాడుతున్నాను.

డ్రైవ్ మాయమవడానికి అసలు కారణం

ఈసారి ఒక్కొక్కటే మార్చాను. ఆమె లాప్‌టాప్‌ను పెన్ డ్రైవ్‌లోని లైనక్స్‌తో బూట్ చేసి, ఆమె పాత రైటర్‌నే తగిలించాను. డిస్క్ వెంటనే తెరుచుకుంది. అదే లాప్‌టాప్, అదే రైటర్, అదే కేబుల్. మారింది విండోస్ మాత్రమే. కాబట్టి లోపం హార్డ్‌వేర్‌లో లేదని రూఢి అయింది.

డిస్క్ కాపీ సాఫ్ట్‌వేర్లలో కొన్ని, డ్రైవ్‌కూ విండోస్‌కూ మధ్య తమ సొంత ఫిల్టర్ డ్రైవర్‌ను (ఆ రెండింటి మధ్య నడిచే సమాచారాన్ని చూసే చిన్న ప్రోగ్రామ్‌ను) చొప్పిస్తాయి. తీసేసేటప్పుడు ఆ డ్రైవర్ ఫైలును చెరిపేసి, రిజిస్ట్రీలోని (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటులోని) పేరును మరచిపోయేవి వాటిలో ఉన్నాయి. అప్పుడు విండోస్ ఆ పేరున్న ఫైలు కోసం వెతికి, దొరకక, మొత్తం డ్రైవ్‌నే పక్కన పెట్టేస్తుంది. రైటర్ ఏదైనా రిజిస్ట్రీలోని ఈ ఫిల్టర్ల జాబితా సీడీ, డీవీడీ డ్రైవ్‌ల వర్గమంతటికీ ఉమ్మడి కాబట్టి, కొత్త రైటర్‌కు కూడా అదే గతి పట్టింది. రిజిస్ట్రీలో 4డీ36ఈ965తో మొదలయ్యే వర్గం కీ కింద అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే రెండు విలువలు ఉండవచ్చు. ఆమె లాప్‌టాప్‌లో లోయర్‌ఫిల్టర్స్‌లో రెండు పేర్లు కనిపించాయి. ఒకదానికి సిస్టమ్ ఫోల్డర్‌లో ఫైలు ఉంది, రెండోదానికి లేదు.

ఇటువంటప్పుడు ఆ రెండు విలువలనూ మొత్తంగా చెరిపేయమని చెప్పే సలహా విస్తృతంగా వాడుకలో ఉంది. అది పనిచేస్తుంది కూడా, కానీ బతికున్న సాఫ్ట్‌వేర్‌కు చెందిన ఫిల్టర్ కూడా దాంతో పోతుంది. నేను ముందు ఆ కీని ఎగుమతి చేసి దాచుకుని, ఫైలు లేని పేరును ఒక్కదాన్ని తీసేసి రీస్టార్ట్ చేశాను. పసుపు గుర్తు పోయింది.

91, 95, 95, 97

డ్రైవ్ వచ్చాక ఆమె ఎదురుగానే కాపీ మొదలుపెట్టాను. 91 శాతం దగ్గర "రైట్ ఎర్రర్" అంటూ ఆగింది. నా యంత్రంలో ఇబ్బంది లేకుండా వచ్చిన డిస్కే అది. "ఇదండీ, ప్రతిసారీ ఇంతే," అని ఆమె అన్నప్పుడు ఆ క్యాలెండర్ కాగితం గుర్తొచ్చింది.

కాగితం తీసి, ప్రతి డిస్క్ పక్కన విండోస్ చూపించే పరిమాణం రాశాను. ఎక్కిన నాలుగూ 3.1, 3.4, 3.7, 3.9 జీబీ. ఎక్కనివాటిలో నాలుగు 4.1, 4.2, 4.2, 4.38 జీబీ, అవి వరుసగా 97, 95, 95, 91 శాతాల దగ్గర, ఎన్నిసార్లు చేసినా అక్కడే ఆగాయి. శాతాలుగా చూస్తే పొంతన లేనట్టుంది. 4.38లో 91 శాతం, 4.2లో 95 శాతం, 4.1లో 97 శాతం గుణించి చూస్తే ఏది చూసినా దాదాపు నాలుగే. నాలుగు జీబీ దగ్గర ఆగేది డిస్క్ కాదు, ఫ్యాట్32 అనే ఫైళ్లు దాచే పద్ధతి.

ఆమె కాపీలు రాస్తున్నది 500 జీబీ బయటి హార్డ్ డిస్క్‌లోకి. టీవీకి తగిలించుకోవడానికి ఎవరో ఎప్పుడో దాన్ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేశారు. ఆ పద్ధతిలో ఒక ఫైలు 4,29,49,67,295 బైట్లకు మించడానికి వీల్లేదు. డిస్క్‌లో ఎంత ఖాళీ ఉన్నా ఇదే పరిమితి. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌తో కాపీ చేసి ఉంటే ఫైలు మరీ పెద్దదని నేరుగా చెప్పేది. ఆమె వాడిన సాఫ్ట్‌వేర్ "రైట్ ఎర్రర్" అని మాత్రమే చెప్పింది, ఆమె దాన్ని డిస్క్ లోపంగా అర్థం చేసుకున్నారు. రాయడంలో లోపం అన్నప్పుడు చూడవలసింది చదివే డిస్క్‌ను కాదు, రాసే చోటును అన్న సంగతి నాకు తట్టి ఉండవలసింది. హార్డ్ డిస్క్‌లో ఉన్నవాటిని వేరే చోటికి తీసి, దాన్ని ఈ పరిమితి లేని ఎక్స్‌ఫ్యాట్‌ పద్ధతిలో ఫార్మాట్ చేశాను. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిని ఎంచుకోకపోవడానికి కారణం తమ్ముడి దగ్గర ఉన్నది మ్యాక్ కావడం. మ్యాక్ దాన్ని చదువుతుంది గానీ మామూలుగా దానిమీద రాయదు. నాలుగు డిస్కులూ ఆమె లాప్‌టాప్‌లోనే, ఆమె రైటర్‌తోనే ఎక్కాయి.

అయిదో డిస్క్

లెక్కకు లొంగని డిస్క్ ఒకటి మిగిలింది. దాని పరిమాణం 3.6 జీబీ కాబట్టి ఫ్యాట్32 దాన్ని ఆపలేదు. కాగితం మీద దాని పక్కన మూడు వేర్వేరు మాటలున్నాయి: ఒకసారి 1 శాతం, ఒకసారి 83 శాతం, ఒకసారి "మొదలే కాలేదు". ప్రతిసారీ ఒకేచోట ఆగితే అది ఏదో ఒక హద్దు. చోటు మారుతూ ఉంటే అది డిస్క్ బలహీనత. నా డెస్క్‌టాప్‌లో కూడా పూర్తిగా రానిది ఇదొక్కటే.

వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే మధ్య రంధ్రం అంచు నుంచి చిన్న వెంట్రుకలాంటి పగులు కనిపించింది. బిగువైన ప్లాస్టిక్ కేసు పళ్ల నుంచి డిస్క్‌ను వంచి ఊడలాగినప్పుడు ఇలాంటివి పడతాయి. అంచు వైపు రంగు కాస్త మసకబారింది. టూత్‌పేస్ట్‌తో రుద్దితే గీతలు పోతాయంటారు, ఇంట్లో ఎవరైనా ఆ ప్రయత్నం చేశారా అని అడిగాను, అదృష్టవశాత్తూ చేయలేదు. పగిలిన డిస్క్ వేగంగా తిరిగితే డ్రైవ్‌లోనే ముక్కలయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, డ్రైవ్ వేగాన్ని 4ఎక్స్‌కు తగ్గించాకే లోపల పెట్టాను.

మొదట నేను చేసినది పనిచేయలేదు. ఇమేజ్ తీసే మామూలు సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో సెక్టార్‌కు ఇరవై ప్రయత్నాలు పెట్టి వదిలాను. మొదటి చెడ్డచోటు దగ్గరే మూడు గంటలు తచ్చాడింది, డ్రైవ్ వేడెక్కింది, అంతకుముందు బాగా చదివిన భాగాల్లో కూడా తడబడడం మొదలుపెట్టింది. లోపాలను పట్టించుకోకుండా ముందుకు సాగే ఎంపిక కూడా అందులో ఉంది. దాన్ని వాడలేదు. అది పోయిన చోట సున్నాలు నింపి పని అయిపోయిందని చెబుతుంది, ఎక్కడెక్కడ నింపిందో తరువాత తిరిగి ప్రయత్నించడానికి వీలుగా నమోదు చేయదు.

లైనక్స్‌లోని గ్నూ డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ ఆ లెక్కను విడిగా మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. మొదటి దఫా సులువుగా వచ్చేదంతా తీసుకుని, ఇబ్బంది పెట్టే చోట్లను దాటేయమన్నాను. పాడైన డిస్క్ ఎంతసేపు బతుకుతుందో తెలియదు కాబట్టి, మంచి భాగం ముందు చేతికి రావాలి. రెండో దఫా మిగిలిన చోట్లకు మాత్రమే వెళ్లింది, మూడోది వెనుక నుంచి ముందుకు నడిచింది. దఫాకు దఫాకు మధ్య డ్రైవ్‌కు అరగంట విరామం ఇచ్చాను. చివరికి 1,184 సెక్టార్లు మిగిలాయి.

ఆ సంఖ్య పదహారుతో భాగింపబడుతుంది. డీవీడీలో లోపాలను సరిదిద్దే లెక్క పదహారేసి సెక్టార్ల కట్టకు, అంటే 32 కేబీకి, కలిపి ఉంటుంది. కట్ట విప్పలేకపోతే పదహారూ పోతాయి. కనుక పోయినవి 74 కట్టలు. అదే ఇమేజ్‌ను, అదే మ్యాప్ ఫైలును ఉంచి, ఈసారి వేరే తయారీ డ్రైవ్‌ను తగిలించాను. ఒక డ్రైవ్ లెన్సుకు అందని చోటు ఇంకొక డ్రైవ్‌కు అందడం నాకు తరచూ కనిపించేదే. 74 కట్టల్లో 68 వచ్చాయి, ఆరు మిగిలాయి.

ఇంతా చేశాక ఆ ఇమేజ్‌ను వీడియోగా మార్చే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, ఇందులో టైటిల్ (ఆడించదగ్గ వీడియో భాగం) ఏదీ లేదని చెప్పింది. 3.6 జీబీలో ఆరు కట్టలు పోతే వీడియో అంతా లేదనడం ఏమిటని, ఆ ఆరు ఎక్కడ పడ్డాయో మ్యాప్ ఫైలులోని చిరునామాలతో పోల్చి చూశాను. అయిదు అంచువైపు, వీడియో ఉండే వీఓబీ ఫైళ్లలో పడ్డాయి. ఆరోది మధ్య పగులు దగ్గర, ఐఎఫ్‌ఓ ఫైలు మొదట్లో పడింది. ఐఎఫ్‌ఓ అంటే పుస్తకానికి విషయసూచిక లాంటిది. ఏ దృశ్యం ఏ సెక్టార్‌లో మొదలవుతుందో అందులో ఉంటుంది. ఆ ఫైలును హెక్స్ వ్యూయర్‌లో (బైట్లను నేరుగా చూపే సాఫ్ట్‌వేర్‌లో) తెరిస్తే మొదటి వరుస నిండా సున్నాలే.

డీవీడీ ప్రమాణాన్ని రాసినవారు దీన్ని ముందే ఊహించారు. ప్రతి ఐఎఫ్‌ఓకు అచ్చంగా అదే విషయంతో బీయూపీ అనే నకలు ఉంటుంది. టైటిల్‌కు చెందిన ఐఎఫ్‌ఓ వీడియో మొదట్లో ఉంటే, దాని బీయూపీ వీడియో అయిపోయాక చివర్లో ఉంటుంది. బీయూపీని తెరిచాను. మొదటి పన్నెండు బైట్లలో "డీవీడీ వీడియో–వీటీఎస్" అన్న గుర్తు చెక్కుచెదరకుండా ఉంది. అసలు ఇమేజ్‌ను ముట్టుకోకుండా, దానిలోని వీడియో టీఎస్ ఫోల్డర్‌ను (డీవీడీ వీడియో ఫైళ్లు ఉండే ఫోల్డర్‌ను) వేరుగా కాపీ చేసుకుని, బీయూపీ నకలుకు ఐఎఫ్‌ఓ పేరు పెట్టి, ఐఎంజీబర్న్‌తో కొత్త ఇమేజ్ కట్టాను. 2013 తరువాత కొత్త వెర్షన్ రాని సాఫ్ట్‌వేర్ అది, కానీ ఐఎఫ్‌ఓ, బీయూపీ రెండూ ఒకే 32 కేబీ కట్టలో పడకుండా ఎడం పెట్టే ఎంపిక అందులో ఉంది. ఆ ఎడం విలువ ఏమిటో ఈ డిస్క్‌తో నాకు స్వయంగా తెలిసింది. కొత్త ఇమేజ్‌లో నాటకం మొదటి అంకం నుంచి తెరుచుకుంది.

వీఓబీలలో పోయిన అయిదు చోట్లా బొమ్మ చదరాలు చదరాలుగా చెదురుతుంది. పోయింది 32 కేబీయే అయినా, తరువాతి ఫ్రేములు ముందువాటి మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి, తదుపరి పూర్తి ఫ్రేము వచ్చేవరకు, అంటే దాదాపు అర సెకను పాటు, ఆ చెదురు కనిపిస్తుంది. ఆమెకు ఆ అయిదు చోట్లను సమయంతో సహా రాసిచ్చాను. మాట పోయింది ఒక్కచోటే, అది కూడా ఒక పద్యం రాగాలాపన మధ్యలో.

పాత ప్లేయర్ కోసం డిస్కులు

ఇది తేలికైన భాగమే, అయినా ఇక్కడ కూడా రెండు చిక్కులు వచ్చాయి. ఆమె అంతకుముందు తానే వీడియో టీఎస్ ఫోల్డర్‌ను ఖాళీ డిస్క్ మీదికి లాగి వదిలారు. విండోస్ దాన్ని పెన్ డ్రైవ్ తరహాలో రాసింది. కంప్యూటర్‌లో ఆడింది, ప్లేయర్ "నో డిస్క్" అంది. ఇంటి ప్లేయర్లు ఆశించేది యూడీఎఫ్ 1.02 అనే ఫైళ్లు దాచే పద్ధతిలో, నిర్దిష్ట వరుసలో రాసి, ముగించిన (ఫైనలైజ్ చేసిన) డిస్క్. ఇమేజ్‌ను ఇమేజ్‌గానే బర్న్ చేస్తే ఈ చిక్కు ఉండదు.

రెండోది 4.38 జీబీ డిస్క్‌తో వచ్చింది. అది మైనస్ ఆర్ (డీవీడీ-ఆర్) రకం డిస్క్ నుంచి తీసిన ఇమేజ్, 22,97,888 సెక్టార్లు. ఆమె కొన్న ఖాళీ డిస్కులు ప్లస్ ఆర్ (డీవీడీ+ఆర్) రకం. రెండింటి పెట్టెల మీదా 4.7 జీబీ అనే ఉంటుంది, కానీ మైనస్ ఆర్‌లో 22,98,496 సెక్టార్లు పడతాయి, ప్లస్ ఆర్‌లో 22,95,104 మాత్రమే. తేడా ఏడు ఎంబీ లోపే, కానీ ఇమేజ్ పట్టకపోవడానికి అది చాలు. వీడియోను కుదించి సరిపెట్టవచ్చు. ఆ కొద్దిపాటి చోటు కోసం మొత్తం బొమ్మను మళ్లీ మార్చడం నాకు నచ్చలేదు. మైనస్ ఆర్ డిస్క్ తెప్పించి తక్కువ వేగంతో బర్న్ చేసి, రాసినదాన్ని తిరిగి చదివించి ఇమేజ్‌తో పోల్చాను.

ఈ కేసు తరువాత నేను మార్చుకున్నవి

కస్టమర్ సంచి తెరవగానే ఇప్పుడు మూడు అడుగుతాను: డిస్క్ ఇంట్లో తయారైనదా, కొన్నదా; కాపీ ఎక్కడికి రాస్తున్నారు, దాని ఫార్మాట్ ఏమిటి; ఆగిన ప్రతిసారీ ఒకే చోట ఆగిందా. మూడో ప్రశ్నకు జవాబు సాధారణంగా ఎవరి దగ్గరా ఉండదు. కాబట్టి పనిలో దిగేముందు ఒక డిస్క్‌ను రెండుసార్లు ఆగేదాకా నడిపి, శాతాన్ని కాదు, బైట్ల సంఖ్యను రాసుకుంటాను. పరీక్షలో ఒక్కసారికి ఒక్కటే మారుస్తాను. రైటర్ మారిస్తే మిగతావన్నీ అవే ఉంటాయి. కొత్త సామాను కొనమని చెప్పేముందు లైనక్స్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి చూడడం తప్పనిసరి చేసుకున్నాను. అందుకు పట్టేది పది నిమిషాలు.

హార్డ్ డిస్క్ అప్పగించేటప్పుడు అయిదో డిస్క్ ఫోల్డర్‌లో మూడు ఫైళ్లు పెట్టాను: బాగుచేసిన ఇమేజ్, ముట్టుకోని అసలు ఇమేజ్, దాని మ్యాప్ ఫైలు. మూడోది ఎందుకని ఆమె అడిగారు. ఆ ఆరు కట్టలు ఎక్కడ ఖాళీగా ఉన్నాయో అందులో ఉందని, పగిలిన డిస్క్‌ను పారేయకుండా మెత్తటి కవరులో ఉంచితే, ఎప్పుడైనా ఇంకో డ్రైవ్ దొరికినప్పుడు ఆ ఆరింటి దగ్గరికి మాత్రమే వెళ్లి అడగవచ్చని చెప్పాను.